నాకూ గుర్తులేదు

కటింగ్ గది, బల్ల పక్క నుంచి

చిన్నోడా,

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. మొన్న నీతో మాట్లాడుతూ ఒక మాట దొరక్క ఆగిపోతే, "హలో, హలో, లైన్ పోయిందా?" అని పెట్టేశావు. లైన్ బాగానే ఉంది నాయనా, పోయింది నా బుర్ర. కాగితమైతే నేను ఎంతసేపు ఆగినా హలో అనదు. అందుకని ఇకనుంచి నాతో మాట్లాడాలంటే ఉత్తరం రాయి.

చిన్నాన్న ఇంట్లో అందరం కలిసినప్పుడు అంటుకున్న జ్వరం నీకూ నాకూ ఒకేసారి వచ్చింది, ఒకేసారి తగ్గింది. నాకు ఒంట్లో తగ్గింది కానీ తలలో తగ్గలేదు. పొద్దున లేస్తే బుర్రంతా మబ్బు పట్టినట్టుంటుంది. నిన్న పొయ్యి దగ్గర నిలబడి, చేతిలో ఉన్నది గరిటె అని తెలుసు, దాన్ని గరిటె అంటారని మాత్రం గుర్తురాలేదు. అదైతే నవ్వేసి ఊరుకున్నాను. పనిలో జరిగింది నవ్వేసేది కాదు.

నా పని నీకు తెలుసు కదా. బట్టను పొరల మీద పొరలు పరిచి, పైన అట్ట పెట్టి గీత గీసి, మిషన్ కత్తితో ఒక్కసారే కోసేస్తాను. చొక్కాకి ముందువైపు ఎడమ ముక్క ఒకటి, కుడి ముక్క ఒకటి ఉండాలి. అంటే అట్టను ఒకసారి మామూలుగా, ఒకసారి తిరగేసి పెట్టాలి. నిద్రలో లేపి అడిగినా చేసే పని. మొన్న తిరగేయడం మర్చిపోయాను. లాటు మొత్తం ఎడమ ముక్కలే. కుట్టే అమ్మాయిలు రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో సగం మందికి కత్తెర పట్టడం నేర్పింది నేనే. ఒక్కరూ నవ్వలేదురా. నవ్వినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఓనరుగారు తిట్టలేదు. "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేలే అమ్మా" అన్నాడు. డాక్టరుగారు ఇంకో మెట్టు ఎక్కాడు. "దిగులు ఎక్కువైంది మీకు. ఇంట్లో ఏమైనా గొడవలా?" అని అడిగాడు. ఇంట్లో నేనూ గోడగడియారమూ తప్ప ఎవరున్నారు గొడవపడటానికి?

నీకూ అదే జ్వరం కదా. నీకు ఇలాంటిదేమైనా ఉందా? దాచకుండా చెప్పు. ఇంకెవరికైనా ఉందని తెలిస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది.

మీ అక్క

*

లిఫ్టు మెషిన్ రూమ్, బిల్డింగు పైకప్పు మీద నుంచి

అక్కా,

నీ ఉత్తరం చూసి నవ్వలేదు. నిజంగా. మీ మరదలు మాత్రం "వదిన చేతిరాత ఎంత ముద్దుగా ఉందో" అని రెండుసార్లు చదువుకుంది.

నాకేం లేదు. గుండ్రాయిలా ఉన్నాను. నీకు ముందునుంచీ ఆలోచన ఎక్కువ. చిన్నప్పుడు నాకు దగ్గొస్తే నువ్వు మంచం ఎక్కేదానివి. ఆ డాక్టరు చెప్పినట్టు కాస్త నిద్రపో, నలుగురిలోకి వెళ్ళు.

ఒక్క మాట మాత్రం విను. ఈ మబ్బు సంగతి పనిచేసే చోట ఎవరికీ చెప్పకు. మా దగ్గర ఒక అమ్మాయి ఉంది, నాతో జంటగా లిఫ్టుల సర్వీసింగుకి వస్తుంది. వాగుడుకి అంతు లేదని మేమంతా సైలెన్సర్ అని పిలుస్తాం. నా వెనకే ఆమెకీ జ్వరం వచ్చింది. నేనే అంటించానని అందరి దగ్గరా నన్ను ఏడిపించేది. ఇప్పుడు వాగుడు తగ్గింది. నోరు తెరిస్తే "నాకేమీ గుర్తుండటం లేదన్నా, బుర్ర పనిచేయట్లేదన్నా" అంటుంది. అదీ సూపర్‌వైజరు ముందే! మొదట్లో అందరూ జాలిపడ్డారు. ఇప్పుడు ఆమె స్క్రూడ్రైవరు అడిగితే "పేరు గుర్తుందే!" అని నవ్వుతున్నారు. చెప్పుకుని ఏం బావుకుంది?

నా రోజులు బాగానే గడుస్తున్నాయి. మీ మరదలు పొద్దున్నే టూల్ బ్యాగు సర్ది, ఏ బిల్డింగుకి వెళ్ళాలో చీటీ రాసి జేబులో పెడుతుంది. మధ్యాహ్నం ఫోన్ చేసి తిన్నావా, మాత్ర వేసుకున్నావా అంటుంది. సాయంత్రం బండి ఎక్కడ పెట్టానో కూడా తనే అడుగుతుంది. ఈమధ్య మరీ చాదస్తం పెరిగింది. మీ ఆడవాళ్ళంతా అంతే.

నీ తమ్ముడు

*

ఇంటి వసారా నుంచి

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. చల్లారాక రాద్దామని ఆగాను. ఇంకా పూర్తిగా చల్లారలేదు, అయినా రాస్తున్నాను.

నన్ను కటింగ్ నుంచి తీసేశారు. ఇప్పుడు తయారైన చొక్కాల మీద వేలాడే దారాలు కత్తిరిస్తున్నాను. చేరిన మొదటి రోజు నాకు ఇచ్చిన పని అదే. నా బల్ల దగ్గర నేను నేర్పిన పిల్ల నిలబడింది. పాపం, నా వైపు చూడాల్సి వస్తుందని వెనక తలుపు గుండా వస్తోంది. నేనూ తలెత్తడం లేదు. తప్పు చేసినదాన్ని నేను కదా.

వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను గొడవల గురించి అడగలేదు. ఏ మాటలు పోతున్నాయి, ఎంతసేపటికి దొరుకుతున్నాయి, పని చేశాక ఎక్కువవుతోందా అని అడిగింది. దీన్ని బ్రెయిన్ ఫాగ్ అంటారట. వైరస్ జ్వరాల తర్వాత కొందరికి నెలల తరబడి ఉంటుందట. ఎవరో ఒకరు నమ్మినందుకు అక్కడే ఏడ్చేశాను. అదో సిగ్గు.

"ఆడవాళ్ళకే ఎందుకండీ?" అని అడిగాను. "ఆడవాళ్ళే ఎక్కువగా చెబుతున్నారు, అది నిజం. ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే తీరులో తేడా కావచ్చు, హార్మోన్లు కావచ్చు, ఇంకా పూర్తిగా తేలలేదు. మగవాళ్ళకీ వస్తుంది. కానీ చాలామంది నా దాకా రారు. వచ్చినా భార్య పట్టుకొస్తే వస్తారు, పక్కన కూర్చుని ఆవిడే చెప్పాలి" అంది.

అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. నా సంగతులు మర్చిపోతాను కానీ నీవి మర్చిపోను. మరదలు బ్యాగు ఎప్పటినుంచి సర్దుతోంది? జ్వరానికి ముందు నీ పనిముట్టు ఎవరైనా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేసేవాడివి కదరా. బండి ఎక్కడ పెట్టావని ఆవిడ ఊరికే అడుగుతుందా, నువ్వు వెతుక్కోవడం చూసి అడుగుతుందా? నేను తప్పు చేస్తే ఊరంతా చూసింది. నువ్వు చేయబోయే తప్పును ముందే ఒకావిడ సర్దేస్తోంది. అంతేనేమో మనిద్దరికీ తేడా. ఒక్క వారం ఏదీ గుర్తుచేయొద్దని మరదలికి చెప్పి చూడు.

కోపంతోనే,
మీ అక్క

*

ఇంటి నుంచి

అక్కా,

మీ మరదలికి ఆ మాట చెప్పలేదు. ఇక్కడ పరిస్థితి వేరేగా ఉంది.

ఒక అపార్ట్‌మెంటులో ప్రమాదం జరిగింది. పై అంతస్తులో ఉండే పెద్దాయన, రిటైరైన పోస్ట్‌మ్యాన్, లిఫ్టులో కాలు పెడుతుండగా తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు కదిలింది. కాలి మడమ విరిగింది. ఇంకొంచెం అయితే మనిషే పోయేవాడు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. తలుపు మూసుకుంటే తప్ప లిఫ్టు కదలదు. పరీక్ష చేసేటప్పుడు మాకు ఆ కట్టడి అడ్డం. అందుకని ప్యానెల్లో చిన్న వైరుముక్క పెడతాం. అది ఉన్నంతసేపూ తలుపు మూసుకుందనే లిఫ్టు అనుకుంటుంది. పని అయ్యాక తీసేయాలి. ఆ వైరు ఆ ప్యానెల్లోనే ఉండిపోయింది. అంతకుముందు రోజు దాన్ని సర్వీసింగ్ చేసింది సైలెన్సరూ నేనూ.

విచారణ పెట్టారు. ఆమెను అడిగితే, "నాకు గుర్తులేదు సార్, నేనే మర్చిపోయి ఉంటాను, ఈమధ్య అన్నీ మర్చిపోతున్నాను" అంది. ఇంకేముంది, తప్పు ఆమెదేనని రాసేసుకున్నారు. పని నుంచి పక్కన పెట్టారు. వచ్చే నెల కంపెనీ పెద్దవాళ్ళ ముందు ఇంకోసారి కూర్చోబెట్టి, ఆ తర్వాత లైసెన్సు రద్దు చేస్తారట. ఇక ఆమెకు ఎక్కడా లిఫ్టు పని దొరకదు.

నోరు జారితే ఏమవుతుందో చూశావా? అందుకే చెప్పకు అన్నాను.

నీ తమ్ముడు

*

ఇంటి వసారా నుంచి

చిన్నోడా,

ఆ పెద్దాయన ఎలా ఉన్నాడు? వెళ్ళి చూశావా?

నా దగ్గర జరిగింది చెబుతాను. పోయిన వారం ఒక లాటులో కాలర్లు పొట్టిగా వచ్చాయి. అందరూ నావైపు చూశారు. "క్షమించండి, నేనే చేసుంటాను" అన్నాను. నిజంగానే అనుకున్నాను రా. ఆ అట్ట పెట్టింది, గీత గీసింది, కత్తి తిప్పింది అన్నీ కళ్ళకు కట్టినట్టు కనబడ్డాయి కూడా. తీరా చూస్తే ఆ కాలర్లు కోసిన రోజు నేను ఫ్యాక్టరీలోనే లేను, డాక్టరమ్మ దగ్గర ఉన్నాను. దారాలు కత్తిరించేదాన్ని కాలర్లు ఎలా కోస్తానని ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. చేయని తప్పుకి నాకు నేనే సాక్ష్యం చెప్పుకున్నాను. మతిమరుపు కంటే అది భయంగా ఉంది నాకు. నా మీద నాకు నమ్మకం పోయాక ఇంకెవరు ఏమన్నా తల ఊపేస్తాను.

మీ సైలెన్సర్ కూడా అలాగే తల ఊపి ఉంటుంది.

ఇద్దరూ వెళ్ళామన్నావు. ఆమెకు గుర్తులేదు సరే. నీకు గుర్తుందా?

అక్క

*

ఇంటి మెట్ల మీద నుంచి

అక్కా,

చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను. నీ ఆఖరి ప్రశ్న జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

గుర్తులేదు.

ఆ బిల్డింగుకి వెళ్ళడం గుర్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ గుర్తుంది. సాయంత్రం ఇంట్లో చెప్పులు విప్పుకోవడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచేసినట్టుంది. వైరు ఆమె పెట్టిందా, నేను పెట్టానా, అది కూడా తెలీదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ప్యానెల్ మూత బిగించే ముందు సీనియరు గట్టిగా "వైరు?" అని అడగాలి. రెండోవాళ్ళు "తీశాను" అంటే సరిపోదు, చేతిలో పట్టుకుని చూపించాలి. కళ్ళతో చూశాకే మూత వేయాలి. ఆమెకు ఆ పద్ధతి నేర్పింది నేను. అడగాల్సింది నేను. విచారణలో సూపర్‌వైజరు "నువ్వు అడిగావా?" అన్నాడు. నేను "రోజూ అడుగుతాను సార్" అన్నాను. అబద్ధం కాదు. రోజూ అడుగుతాను. ఆ రోజు అడిగానో లేదో తెలీదు. ఆయన తల ఊపి ముందుకెళ్ళిపోయాడు. ఆమె నా పక్కనే కూర్చుని ఉంది. "అవును, అన్న రోజూ అడుగుతాడు" అంది. నా తరఫున ఆమె సాక్ష్యం చెప్పింది అక్కా. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ రోజు నుంచి అద్దం ముందు గడ్డం గీసుకోవాలన్నా మొహం చెల్లడం లేదు. నువ్వు రాసినవన్నీ నిజమే. మీ మరదలి చీటీ లేకపోతే నేను ఏ వీధికి వెళ్ళాలో తెలీదు. ఒకసారి లిఫ్టు గుంతలోకి దిగి, ఎందుకు దిగానో తెలియక అక్కడే నిలబడిపోయాను. పైనుంచి సైలెన్సర్ "ఏమైందన్నా?" అంటే, "పని చేసేటప్పుడు కదిలించకు" అని కసిరాను. నీకు ఇలా ఉందని రాసిన రోజే నాకూ ఉందని రాయొచ్చు. నీకు ఊపిరాడేది. అది కూడా ఇవ్వలేదు. పైగా నిద్రపో అన్నాను.

ఆమె చెప్పుకుంది కాబట్టి దొరికిపోయింది. నేను దాచుకున్నాను కాబట్టి మంచివాడినయ్యాను. ఇప్పుడు చెబితే నా పని పోతుంది. చెప్పకపోతే ఆమెది పోతుంది. పిల్లలు, ఇల్లు అని ఏవేవో నెమరేసుకుంటున్నాను. ఆమెకూ ఇల్లుంది. అసలు భయం అది కాదు. ఇన్నేళ్ళ సీనియర్ని, నలుగురి ముందు "గుర్తులేదు" అనాలంటే నోరు పెగలడం లేదు.

ఏం చేయమంటావు?

తమ్ముడు

*

ఇంటి వసారా నుంచి

చిన్నోడా,

ఏం చేయాలో నీకు తెలుసు. తెలియకపోతే నాకు రాసేవాడివి కాదు.

నిన్ను ఓదార్చాలని ఉంది. చిన్నప్పటి అలవాటు. కానీ ఆ అమ్మాయిని తలుచుకుంటే చేయి రావడం లేదు. ఆమె స్థానంలో నేను కూర్చుని వచ్చాను కదా.

ఎవరు వైరు పెట్టారో కనిపెట్టమని నేను అనడం లేదు. అది ఇక ఎవరికీ దొరకదు. నీకు తెలిసినంత చెప్పు. నీకు తెలిసింది ఒక్కటే, నీకు తెలీదని.

ముందు మరదలికి చెప్పు. ఆవిడకి తెలిసే ఉంటుంది. అయినా నీ నోటితో చెప్పు.

అక్క

*

ఆఫీసు ముందున్న బెంచీ మీద నుంచి

అక్కా,

ఇంటికి వెళ్ళేలోపు మర్చిపోతానేమోనని ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

మీ మరదలికి చెప్పాను. "ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను" అంది.  విచారణకి ఏం మాట్లాడాలో చీటీ రాసిస్తానంది. వద్దన్నాను.

పెద్ద బల్లకి అటువైపు ముగ్గురు, ఇటువైపు సైలెన్సరూ నేనూ. ఆమె చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వింది కూడా. నేను లేచి నిలబడి చెప్పాను. "సార్, నాకూ గుర్తులేదు. నాకూ ఆ జ్వరం తర్వాత బుర్ర పనిచేయడం లేదు. ఆ రోజు వైరు అడిగానో లేదో నాకు తెలీదు. వైరు నేనే పెట్టానేమో కూడా తెలీదు."

ఏం జరిగిందో తెలుసా? వాళ్ళు నమ్మలేదు! ఆ ముగ్గురిలో పెద్ద ఆఫీసరు చిరునవ్వు నవ్వాడు. "నీది మంచి మనసయ్యా. తోటి అమ్మాయిని కాపాడాలనుకోవడం గొప్పే. కానీ తప్పు నెత్తిన వేసుకోకు" అన్నాడు. పక్కన నిలబడ్డ సూపర్‌వైజరు నా భుజం తట్టాడు. ఆమె గుర్తులేదంటే నేరం ఒప్పుకున్నట్టు. నేను గుర్తులేదంటే త్యాగం చేస్తున్నట్టు. ఒక్క క్షణం అక్కా, నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం ఊరుకుందామనిపించింది. చెప్పాల్సింది చెప్పాను కదా, వాళ్ళే నమ్మలేదు, నా తప్పేముంది అని. అంత నీచమైన ఆలోచన నాకు వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

"అయితే అడగండి సార్" అన్నాను. "సర్వీసింగ్ మొదటినుంచి చివరిదాకా నన్ను వరసగా చెప్పమనండి."

అడిగారు. మొదలుపెట్టాను. కొత్తగా చేరిన వాళ్ళకి నేనే చెప్పే పాఠం అది. కరెంటు ఆపడం చెప్పాను. బోర్డు పెట్టడం చెప్పాను. ప్యానెల్ మూత తీయడం చెప్పాను. ఆ తర్వాత... ఏమీ లేదు. బల్ల మీద నీళ్ళ గ్లాసు కనబడుతోంది, కిటికీ కనబడుతోంది, మాట మాత్రం రావడం లేదు.   సూపర్‌వైజరు మొహంలో నవ్వు మెల్లగా పోవడం చూశాను. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అలా చూడలేదు. చచ్చినంత పనయింది.

అప్పుడు సైలెన్సర్ నావైపు తిరిగి, ఎవరికీ కనబడకుండా పెదవులు కదిపింది. తర్వాతి మాట అందిస్తోంది. నావల్ల ఇంత పడ్డ మనిషి నాకు మాట అందిస్తోంది! ఆ పెదవులు చూస్తే చాలు, గట్టెక్కేస్తాను. ఇంట్లో ఆవిడ, ఇక్కడ ఈమె, ఇన్నాళ్ళూ అలాగే గట్టెక్కాను.

తల తిప్పేసుకున్నాను.

"నాకు రావడం లేదు సార్" అన్నాను.

ఇద్దర్నీ డాక్టరు పరీక్షలకి పంపుతున్నారు. ఆమె మీద రాసినది కొట్టేశారు. తప్పు ఇద్దరిదీ అని, బుర్ర కుదుటపడేదాకా ఇద్దరూ లిఫ్టు ముట్టుకోకూడదని, అంతవరకూ స్టోర్‌లో సామాన్లు ఇచ్చే పని చేయాలని రాశారు. ఆమె లైసెన్సు ఉంటుంది. నాదాని సంగతి తర్వాత చూస్తారట. ఇక్కడినుంచి ఆ పోస్ట్‌మ్యాన్ పెద్దాయన ఇంటికి వెళ్తాను. ఇన్నాళ్ళూ వెళ్ళలేదు, నువ్వు అడిగినా జవాబు రాయలేదు.

బయటికి వచ్చాక ఆమె ఈ బెంచీ మీదే నా పక్కన కూర్చుంది. థాంక్స్ అంటుందేమోనని భయపడ్డాను. అనలేదు.  తిట్టినట్టు కాకుండా, మామూలుగానే అంది.

"ఆ మాట మొదటి రోజే అని ఉంటే బాగుండేదన్నా. ఒక మనిషి కాలు విరగ్గొట్టానని రోజూ ఏడ్చాను. ఇంట్లో గ్యాసు కట్టేశానో లేదో అని లేచి లేచి చూసుకున్నాను. మా పాపని ఎత్తుకోవాలన్నా భయపడ్డాను, పడేస్తానేమోనని. నీకూ అలాగే ఉందని తెలిస్తే, ఇది జబ్బని అనుకునేదాన్ని. నేను పనికిరాని దాన్ని అనుకున్నాను."

ఆమె లేచి వెళ్ళిపోయింది. నాకు ఒక్క మాట కూడా దొరకలేదు అక్కా. అది జబ్బు వల్ల కాదు.

తమ్ముడు